బర్రెలబండల్లో ఎక్కువైన రాయి

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకు తూర్పున బర్రెలబండలని ఉంటాయి. మేతకు పోయిన బర్రెలు దారి మధ్యలో అలిసి పండుకున్నట్టు, నల్లగా, ఒకదాని వీపుకు ఒకటి ఆనుకుని ఉంటాయి. అవి ఎన్నో ఎవరూ సరిగ్గా చెప్పరు. బాలాపూర్ వాళ్లయితే అసలే చెప్పలేరు, వాళ్లకు సొంత మేకల లెక్కే తేలదు. కానీ రజాకార్ల కాలంలో, పోలీసు చర్యకు ముందు కురిసిన వానల్లో, ఆ బండల మధ్య ఒకటి ఎక్కువగా ఉండేది. దాన్ని దేవుడు చేయలేదు. బెస్తోళ్ల సిద్దయ్య చేశాడు. నమ్మనివాళ్లు ఇక్కడే లేచిపోవచ్చు, నమ్మేవాళ్లకు కాళ్లు చాపుకునే చోటు దొరుకుతుంది.

సిద్దయ్య అక్క సుక్కమ్మ మొదట్లో నమ్మనివాళ్లలోనే ఉండేది.

"వల చినిగి చేపలన్నీ నవ్వుకుంట పోతున్నయ్. నువ్వేమో గోడకు గుట్టల బొమ్మలేస్తున్నవ్. గుట్టలు ఉడుకుతయా తమ్మి, పులుసు పెడుదమంటే?" అనేది.

తమ్ముడికి ఆ పిచ్చి తల్లి నుంచే వచ్చిందని ఆమెకు తెలుసు. తల్లి ఎర్రమట్టి అలికి సున్నంతో బొట్లు పెడుతుంటే, వాడు ఆ బొట్లను కలిపి కొండలు చేసేవాడు. పటం విప్పి కులకథ చెప్పేవాళ్లు వాడకు వచ్చినప్పుడు అందరూ వీరుణ్ణి చూస్తే, వాడు వీరుడి వెనక ఎవరూ పట్టించుకోని చెట్టునూ రాయినీ చూసేవాడు. ఆ పటాలు రాసే ముసలాయన వెంటపడి, గుడ్డకు చింతగింజల అంబలి పట్టించడం, ఉడుత తోక వెంట్రుకలతో కుంచె కట్టడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత భాగవతాల వాళ్లకు తెరలు రాశాడు. మీర్‌పేటలో ఆడినప్పుడు రాజు వేషగాడు తెరలోని వాగు దగ్గరికి రాగానే ధోతి మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకున్నాడు, తడుస్తుందని. ఒక మేక ఆ తెర మీది గడ్డి మేసిందని కూడా చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. మేక వాసన చూసి వదిలేసింది, అంతే.

సిద్దయ్య తెరల్లో ఒక వింత ఉండేది. రాళ్లకు వెలుగు పైనుంచి కాక కింది నుంచి పడేది. గడీలో దొర మనిషి హన్మంత్ ఒకసారి భాగవతానికి వచ్చి, తెరను చూసి పగలబడి నవ్వాడు.

"ఏందిర సిద్దిగా, నీ రాళ్లు దీపాలు మింగినయా? కడుపుల వెలుతురున్న రాయిని నేనేడ సూడలె."

సుక్కమ్మకు తల కొట్టేసినట్టయింది.

ఆ భాద్రపదంలో సుక్కమ్మ మొగుడు బిక్షానికి తొడలో తూటా దిగింది. దొరల మీద, రజాకార్ల మీద తిరగబడ్డ సంఘంలో తిరిగే మనిషి. తోటివాళ్లు మోసుకొచ్చి బర్రెలబండల్లో, రెండు రాళ్ల మధ్య అర్ర లాంటి సందులో పడుకోబెట్టారు. లోపల పొడిగానే ఉంటుంది, కానీ సందు నోరు చెరువు వైపు బార్లా తెరుచుకుని ఉంది. రజాకార్లు ఊరూరా వెతుకుతున్నారు. వాళ్లకు దారి చూపేది హన్మంతే. దొరికితే బిక్షాన్ని అక్కడే కాల్చేస్తారు.

"మీ బావను యాడ దాస్తం తమ్మి?" అని సుక్కమ్మ ఏడ్చింది.

"ఉన్నకాడనే ఉండనియ్యి. తలుపు పెడుదం."

"బండకు తలుపుంటదారా?"

"గీస్త."

అన్నాడు, గీశాడు. భాగవతాల వాళ్ల పాత తెరను వెదురు బద్దల మీద ఉబ్బెత్తుగా బిగించాడు. వలలకు పట్టించే తుమ్మచెక్క కషాయంలో మసి కలిపి పూశాడు, వానకు కరగకుండా అవిసె నూనె రుద్దాడు. పక్క రాయిని తడిమి తడిమి చూస్తూ దాని పగుళ్లు, నాచు, పిట్ట రెట్టలు అన్నీ దించాడు. అక్కాతమ్ముళ్లు కలిసి దాన్ని సందుకు బిగించేసరికి పొద్దుగూకింది.

మరునాడు ముసురులో సుక్కమ్మ దూరం నుంచి చూసింది. చుట్టూ రాళ్లన్నీ కడుపు నల్లగా ఉంటే, ఆ ఒక్కటీ కింది నుంచి వెలుగుతోంది.

"ఏం జేస్తివిరా! ఈడ కింద వెలుతురేడున్నది? హన్మంత్ సూస్తె ఒక్క సూపుకే పడుతడు!"

సిద్దయ్య తన చేతినే పరాయివాడి చేతిని చూసినట్టు చూసుకున్నాడు. "నేను కావాలని చెయ్యలె అక్కా. బాపు తెప్ప మీద కూసోని పెరిగిన. రాయిని ఎప్పుడు సూసినా నీళ్ల మీదికెల్లే సూసిన. నా చెయ్యికి ఇంకో తీరు రాదు."

దిద్దుదామంటే రంగు లేదు, ఎండ లేదు. వాన మొదలైంది. మామూలు వాన కాదు. రాత్రీ పగలూ తేడా లేకుండా, ఆకాశానికి కట్ట తెగినట్టు కురిసింది. సుక్కమ్మ తెర కరిగిపోతుందని ఏడ్చింది. తెర కరగలేదు. చెరువే లేచి వచ్చింది. చెరువు అంచున సాగుచేసే శికం భూములన్నీ ముంచి, నీళ్లు బర్రెలబండల కాళ్ల దాకా వచ్చి నిలిచాయి.

వాన వెలిసి ఎండ కాసిన పొద్దున హన్మంత్ వచ్చాడు, వెనక తుపాకులతో రజాకార్లు. అక్కాతమ్ముళ్లు తెప్ప మీద వల పట్టుకుని, చేపలకన్నట్టు ఉన్నారు.

"మీ బావేడిరా సిద్దిగా?"

"నాకేమెరుక హన్మంతన్నా? ఆయనను ఇంట్ల మాకంటె గడీల మీరే ఎక్కువ తల్సుకుంటున్నరు."

"నోరు మస్తు లేస్తుంది. గీ బండలల్ల ఎవలో దాగిండ్రని ఖబరున్నది."

అని మోకాలి లోతు నీళ్లలోకి దిగి తలెత్తాడు. అక్కడే ఆగిపోయాడు.

రాళ్లన్నీ వెలుగుతున్నాయి. ఎండ నీళ్ల మీద పడి, నీళ్ల నుంచి రాళ్ల కడుపుల్లోకి ఎక్కి, బంగారు వలలు విసిరినట్టు కదులుతోంది. ఒక్క రాయి కాదు, మొత్తం మంద. పుట్టినప్పటి నుంచి ఆ బండలను చూసిన సుక్కమ్మ కూడా వాటిని అప్పుడే మొదటిసారి చూసింది. ఆ వెలుగులో గుడ్డ ఏదో, రాయి ఏదో ఆమెకే తెలియలేదు. కాసేపు భయం కూడా మరిచిపోయింది.

"గిట్లయితదారా?" అన్నాడు హన్మంత్, గుడిలో మాట్లాడినట్టు మెల్లగా.

"చెరువు నిండినప్పుడు అయితది. మీరు కట్ట మీద ఉంటరు, మీకు కనవడది."

"నేను నీ తెరను సూసి నవ్విన."

"నవ్విండ్రు."

కట్ట మీది రజాకారు అక్కడేముందని విసుక్కుంటూ, "క్యా హై ఉధర్?" అని అరిచాడు.

హన్మంత్ ఇంకోసారి రాళ్లను చూశాడు. "కుచ్ నై సాబ్. సబ్ పత్థర్ హై," అని, ఏమీ లేదు అన్నీ రాళ్లేనన్నట్టు చెయ్యి ఊపి వెనక్కి తిరిగాడు.

అతడు కనిపెట్టే వదిలేశాడని అనేవాళ్లున్నారు. సుక్కమ్మ ఒప్పుకోదు. ఆ వెలుగు నిండిన కళ్లలో ఇంక దేన్నయినా వెతికే చోటుందా అంటుంది.

కొన్నాళ్లు సిద్దయ్యే చీకట్లో తెప్ప మీద బావకు అన్నం చేరేశాడు. తర్వాత యూనియన్ సైన్యం హయత్‌నగర్ దారిన పట్నంలోకి పోయిందనీ రజాకార్లు తుపాకులు పారేసి పరుగెత్తారనీ కబురు వచ్చింది. సుక్కమ్మ తమ్ముణ్ణి కూడా పిలవకుండా, తగ్గుతున్న నీళ్లలో పడి బర్రెలబండలకు ఉరికింది. ఒక రాయిని నెట్టింది, కదల్లేదు. ఇంకోదాన్ని తట్టింది, చెయ్యి నొచ్చింది. తన చేతులతో కట్టిన తెర తనకే దొరకలేదు.

రాళ్లలోంచి నవ్వు వినిపించింది.

"గది ఉత్త రాయే పిచ్చిదానా. ఎడమకు రా."

ఎడమకు వచ్చింది. ఎదురుగా పగుళ్లు, నాచు, పిట్ట రెట్టలు, కడుపులో వెలుగు. ఆ వెనకే తన మొగుడు ఊపిరి పీలుస్తున్నాడని తెలుసు. అయినా ఆమె ఎత్తిన చెయ్యి ఆ రాయిని తోయడానికి ఒక్క క్షణం జంకింది.