రాతిగుండు దాకా అక్కది

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒకే ఒక్క సైకిల్ ఉండేది. దాని ముందు రాడ్ మీద కూర్చునే హక్కు మా అక్కది. అక్క అంటే మా పెద్దనాయన కూతురు, నాకంటే మూడేళ్లు పెద్ద. ఆ రాడ్ మీద ఒక్కసారి కూర్చోవాలని నేను ఎంత ఏడ్చానో మా అవ్వకే తెలుసు. ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడ్డాను, మోకాళ్లు అరిగిపోయాయి. అయినా ఆ రాడ్ గుర్తొస్తే కడుపులో ఎక్కడో చురుక్కుమంటుంది.

ఇన్నేళ్ల తర్వాత అది మళ్లీ చురుక్కుమనడానికి కారణం కూడా సైకిళ్లే. తెలంగాణ వచ్చాక మా కేతేపల్లి వైపు రోడ్లు నల్లగా, నున్నగా తయారయ్యాయి. పట్నం పిల్లలేమో ఆ రోడ్లు వదిలేసి, ఎర్రమట్టి మొరం బాటలు వెతుక్కుంటూ లావు టైర్ల సైకిళ్ల మీద వస్తున్నారు. ఆదివారం పొద్దున మూసీ ఒడ్డు వెంట పదిమంది, పదిహేనుమంది పోతుంటారు. వాళ్లకు ఒట్టి బాట చాలదు, ఆ బాట మీద ఒకప్పుడు ఏం జరిగిందో కూడా కావాలి. ఆ జట్టులో మా అక్క మనవరాలు ఒకతి. హాలియాలో ఉండే మా అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, సాయుధ పోరాటం రోజుల్లో మా తాత సైకిల్ మీద రహస్య చీటీలు మోసిన బాట గురించి చెప్పించి వీడియో తీసింది.

ఊళ్లో ప్రతివాళ్లూ ఆ వీడియో తెచ్చి నాకే చూపించారు. "మీ అక్క ఎంత మంచిగ చెప్పిందో సూడు. నువ్వు ఈడనే ఉండి ఒక్కనాడు నోరిప్పకపోతివి" అని పక్కింటావిడ అననే అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. హాలియాకు కాపురానికి పోయిన మనిషి మా ఊరి బాట గురించి చెప్పడమేమిటి, దానికి వందలమంది చప్పట్లు కొట్టడమేమిటి అని రోజంతా ఉడికిపోయాను.

తర్వాతి ఆదివారం ఆ మనవరాలే మా గుమ్మం ముందు సైకిల్ దిగింది. ఫోన్‌లో పటం చూపించింది. మా ఊరి నుంచి ఏటి ఒడ్డున ఒక గీత బయలుదేరి, పెద్ద రాతిగుండు దగ్గర ఆగిపోయింది. "చిన్నమ్మమ్మా, గుండు దాటినంక బాట ఎటు పోయేది? అమ్మమ్మకు ఆడిదాకనే తెల్సట. నీకేమన్న ఎరుకనా?" అని అడిగింది.

నాకు తెలుసు. అడుగు అడుగూ తెలుసు. ఇంత బతుకులో మా అక్కకు తెలియనిది, నాకు మాత్రమే తెలిసినది అదొక్కటే.

"లేదు బిడ్డా, గుండు కాడికే అయిపోయింది" అన్నాను. పిల్ల మంచినీళ్లు తాగి, సరే అని వెళ్లిపోయింది. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. ఆ సాయంత్రం మా తాత గుర్తుకొచ్చాడు.

నేను మూడో తరగతిలో ఉండగా అక్క ఆరో తరగతికి వచ్చింది. ఆరో తరగతి బడి పక్క ఊళ్లో, ఏటి ఒడ్డున నాలుగు మైళ్ల మొరం బాట. ఆడపిల్లను అంత దూరం చదువుకు పంపడం మా ఊళ్లో అదే మొదలు. పట్టుబట్టి పంపింది మా తాతే. రోజూ తనే సైకిల్ మీద దింపి, సాయంత్రం తీసుకొచ్చేవాడు. దారి పొడుగునా పాత సంగతులు చెప్పేవాడట. పోలీసు క్యాంపు ఎక్కడ ఉండేది, ఏ గట్టు చాటున మనుషులు దాక్కునేవాళ్లు, ఇలాంటివి. అక్క ఇంటికొచ్చి రొట్టె తింటూ సగం చెప్పి, నేను నోరు తెరుచుకుని వింటుంటే చటుక్కున ఆపేసేది. "గది నాకు తాత చెప్పిండు, నీకు గాదు" అనేది. ఆ మాటకు నాకు ఒళ్లంతా మండిపోయేది. దానికి జ్వరమొస్తే బాగుండునని కోరుకున్న రోజులు కూడా ఉన్నాయి, దాచడమెందుకు.

ఒక ఆదివారం పొద్దున్నే తాత సైకిల్ తుడుస్తున్నాడు. అవ్వ పాత తువ్వాల మడతపెట్టి, మెత్తగా ఉండాలని ముందు రాడ్‌కు కడుతోంది. బడి లేని రోజు కూడా అక్కనే తిప్పుతున్నారా అనిపించింది. తాత చెప్పులు వేసుకోవడానికి లోపలికి వెళ్లగానే వెనక చక్రం దగ్గర కూర్చుని వాల్‌ట్యూబు పీకేశాను. గాలి నిలిపే సన్నటి రబ్బరు గొట్టం అది. చక్రం ఉస్సుమంటూ కూలబడిపోయింది. ఆ చప్పుడు నాకు ఎంతో హాయిగా వినిపించింది.

తాత బయటికొచ్చి అక్కను పిలవలేదు. నన్ను పిలిచాడు. "రా బిడ్డా, ఇయ్యాల నీ వంతు."

తువ్వాల నా కోసం కట్టారు. పిడికిట్లో వాల్‌ట్యూబు చెమటకు తడిసిపోయింది. తాత చక్రం చూశాడు, నా పిడికిలి చూశాడు. తిట్టలేదు, అడగనూ లేదు. "ఫికర్ లేదు, నడుసుకుంట పోదాం" అని సైకిల్ నెట్టుకుంటూ బయలుదేరాడు. నేను వెనకే నడిచాను. ఖాళీగా ఉన్న ఆ రాడ్‌నూ, దాని మీది తువ్వాలనూ చూస్తూ నడిచాను.

నాలుగు మైళ్లూ తాత ఒక్క ముక్క మాట్లాడలేదు. బడి వెనకున్న రాతిగుండు నీడలో సైకిల్ ఆనించి కూర్చున్నాక నోరు విప్పాడు. పోరాటం రోజుల్లో చీటీలు మోసేవాళ్లను కొరియర్లు అనేవారు. ఎవరికీ మొత్తం బాట తెలియనిచ్చేవారు కాదట. పట్టుబడి దెబ్బలు తిన్నా, తెలియనిది చెప్పలేరు కదా. తాతకు మా ఊరి నుంచి ఈ గుండు వరకే తెలుసు. ఇక్కడి నుంచి రేవు దాకా ఇంకొకతను మోసేవాడు.

ఒక మధ్యాహ్నం తాత చీటీని చుట్టి గాలిపంపు లోపల పెట్టుకుని వస్తుంటే, పోలీసు క్యాంపు ముందరే తుమ్మముల్లు దిగి చక్రం గాలి పోయింది. పంపు ఉంది కదా, కొట్టుకో అన్నారు క్యాంపు వాళ్లు. కొడితే చీటీ నలిగిపోతుంది. ట్యూబు చినిగింది, కొట్టినా నిలవదని చెప్పి, పంపు పెట్టుకుని కూడా ఎండలో నెట్టుకుంటూ నడిచాడు. గుండు దగ్గరికి చేరేసరికి వేళ దాటిపోయింది. రెండో అతను మాత్రం వెళ్లిపోకుండా కాచుకుని ఉన్నాడు. చీటీ అందుకుని ఒకటే పరుగు. పోలీసులు వస్తున్నారన్న ఆ కబురు అంది, అవతలి గూడెంలో మనుషులు దాడికి ముందే ఖాళీ చేసి బతికిపోయారు. కాలం మారాక ఊరూరా సభలు పెట్టినప్పుడు ఆ రెండో అతని మెడలో దండ వేశారు. తాత కింద జనంలో కూర్చుని చూశాడు.

"కడుపు మండిందా తాతా?" అని అడిగాను. అప్పటికి నాకు బాగా తెలిసిన సంగతి అదొక్కటే మరి.

"మండకేంది బిడ్డా. ఏండ్లకేండ్లు మండింది. ఎదురు పడ్తే మొకం తిప్పుకున్న. అసలు గుండు దాటినంక వాడు ఎటుదిక్కు పోయిండో గూడ అడగలే. అడిగితే నేను చిన్నగైతననుకున్న" అన్నాడు.

చివరికి ఆ మనిషి మంచం పట్టాడని తెలిశాక వెళ్లాడట. అతన్ని ఇదే సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, గుండు నుంచి రేవు దాకా నెట్టుకుంటూ వెళితే, అతను చెయ్యి చాచి ఒక్కొక్క గుర్తూ చూపించాడు. ఆ వానాకాలం అతను పోయాడు. "ఇంకో నెల మొకం తిప్పుకుంటే సగం బాట వానితోనే మట్టిల గలుస్తుండె" అన్నాడు తాత.

తర్వాత లేచి నన్ను గుండు అవతలికి తీసుకెళ్లాడు. ఈతవనం అంచున ఎడమకు తిరగాలి. మోటబావి గిరక మీద తడి తువ్వాల ఆరేసి ఉంటే ముందుకు పోవచ్చని గుర్తు. ఆ తర్వాత మోదుగుపొదల ఒర్రె, అంటే సన్నటి వాగు, దాని చివర మోకాలి లోతు నీళ్లలో నల్లబండల రేవు. అన్నీ చూపించి, "గుండు దాక అక్కది, గీడికెంచి నీది. నువ్వు దాన్ని అడుగు, అది నిన్ను అడుగుతది. ఎప్పుడన్న ఇద్దరు కలపుకోండ్రి" అన్నాడు. అప్పుడు నేను పిడికిలి విప్పి వాల్‌ట్యూబు ఇచ్చాను. దాన్ని బిగించి, పంపుతో గాలి కొట్టబోతే పొద్దుటి నుంచి అంత దూరం నెట్టిన ట్యూబు ఎక్కడో తెగింది, నిలవలేదు. తిరుగు దారి కూడా నడకే. నేను ఆరో తరగతికి వచ్చేనాటికి తాత లేడు. ఆ రాడ్ మీద నేను ఎప్పుడూ కూర్చోలేదు. నా చేతులారా పోగొట్టుకున్నాను.

అక్కను నేను అడగలేదు. అడిగితే చిన్నదాన్నయిపోతానని అరవై ఏళ్లు ఊరుకున్నాను. తాత చెప్పింది తెలిసి కూడా, తాత చేసిన పొరపాటే చేశాను.

అబద్ధం చెప్పిన మర్నాడు పొద్దున హాలియాకు ఫోన్ చేశాను. క్షేమ సమాచారాలు అయ్యాక వానల గురించీ, మోకాళ్ల గురించీ మాట్లాడాను. చివరికి, "అక్కా, గుండు దాక తాత నీకేం చెప్పిండు? జర నాకు చెప్పవా" అన్నాను.

"గా ఆదివారం తాత నిన్నొక్కదాన్నే తోల్కపోయిండు జూడు, ఏం చెప్పిండో అని గిన్నేండ్లు నేను కుళ్లిన చెల్లె" అంది అక్క.

పై ఆదివారం అక్క ఆటోలో వచ్చింది, మనవరాలి జట్టు సైకిళ్ల మీద వచ్చింది. పిల్లల సైకిళ్లకు వెనక కూర్చునే చోటే లేదు, ముందు రాడ్ మీద కూర్చునే వయసు మాకు లేదు. గుండు దాకా ఆటోలో వెళ్లాం. అక్కడిదాకా అక్క చెప్పింది, పిల్లలు గట్టిగా చప్పట్లు కొట్టారు, నాకు మళ్లీ కొంచెం మండింది. మోటబావి పూడిపోయింది, ఈతవనం లేదు, ఒర్రె మాత్రం అలాగే ఉంది. అక్క గుండుకు చెయ్యి ఆనించి నిలబడి, "గీడికెంచి మా చెల్లెది" అంది. నేను ముందు నడిచాను. పిల్లలు సైకిళ్లు దిగి, నెట్టుకుంటూ నా వెనక వచ్చారు.

మంట ఇప్పటికీ పోలేదు. తాతకూ పోయి ఉండదు. కానీ ఎవరిని చూస్తే ఎక్కువ మండుతుందో, వాళ్ల దగ్గరికే వెళ్లి అడగాలని ఆ రోజు తాత నేర్పాడు. అది చెయ్యడానికి నాకు అరవై ఏళ్లు పట్టింది, అంతే.