కింది బటన్

తాళాల ఫ్యాక్టరీలో నాలుగు వందల మంది పనిచేసేవాళ్లు. అందరి గుర్తింపు కార్డుల్లోనూ తల కుడివైపుకి వాలి ఉండేది, పక్క గదిలోంచి ఎవరో పిలిస్తే వింటున్నట్టు.

తప్పు వాళ్లది కాదు, ఫొటోగ్రాఫర్‌ది. మెట్ల కింద గది ఆయనది. స్టాండు వేస్తే కుర్చీ పట్టదు, కుర్చీ వేస్తే స్టాండు పట్టదు. అందుకని కెమెరా చేత్తోనే పట్టుకునేవాడు. కార్డు ఫొటో నిలువుది కనక కెమెరాని నిలువుగా తిప్పేవాడు. తిప్పితే బటన్ పైకి పోతుంది. దానికోసం కుడి మోచెయ్యి పైకి లేస్తుంది. మోచెయ్యితో పాటు తలా ఒరుగుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఆయన్ని చూసి, ఇలాగే ఉండాలి కాబోలనుకుని, తామూ వాల్చేవాళ్లు. అలా ఇరవై రెండేళ్లు.

గేటు దగ్గర కాపలా ఆయన బావమరిది, భార్యకి స్వయానా తమ్ముడు. కార్డులో ఉన్నట్టే మొహం ఉంటేనే లోపలికి. రోజూ పొద్దున నాలుగు వందల మందీ వరసలో వచ్చి, కార్డు చూపించి, తల వాల్చేవాళ్లు. వాడు "ఊఁ" అన్నాక తల సర్దుకుని పనిలోకి పోయేవాళ్లు. పంటినొప్పితో చెంప వాచినవాణ్ణి ఒకసారి మూడు రోజులు బయటే నిలబెట్టాడు.

"బావ బావే, గేటు గేటే" అనేవాడు.

ఆ ఏడు ఫొటోగ్రాఫర్ మెడ పట్టేసింది. డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుగుకి పెట్టి చూసింది. ఆయన్ని చూసింది. మళ్లీ ఎక్స్‌రే చూసింది.

"ఇంకో ఏడాది ఇలాగే చేస్తే ఈ తల ఇక ఇటే ఉండిపోతుంది. మీ ఇష్టం."

భార్య వెళ్లి కెమెరా కింద తగిలించే బ్యాటరీ గ్రిప్ కొనుక్కొచ్చింది. ఇటుకంత ఉంది. కెమెరా అడుగున మూత ఊడదీసి, దీని కొమ్ము అందులో దూర్చి, మర బిగించింది. లోపల రెండు బ్యాటరీలు.

"రెండెందుకే? నాకు ఒక్కటే సాయంత్రం దాకా వస్తుంది."

"బ్యాటరీల కోసం కాదండీ. ఇదిగో, ఇక్కడ ఇంకో బటన్ ఉంది. నిలువుగా తిప్పినా ఇది చేతికిందకే వస్తుంది. చెయ్యెత్తక్కర్లేదు."

పట్టుకుని చూశాడు. మోచెయ్యి పక్కటెముకల దగ్గరే ఉండిపోయింది. తల నిటారుగా నిలబడింది. ఇంట్లో ఏదో మర్చిపోయి వచ్చినట్టు అనిపించింది.

అది కార్డులు మార్చే నెల. మొదటిరోజు ప్యాకింగ్ వాళ్లు పదిమంది వచ్చారు. ఆయన నిటారుగా ఉన్నాడని వాళ్లూ నిటారుగా కూర్చున్నారు. మర్నాడు గేటు దగ్గర అలవాటుకొద్దీ తల వాల్చారు.

"కార్డులో తల నిటారుగా ఉంది. నీది వాలింది. ఎవరు నువ్వు?" అన్నాడు బావమరిది.

మొదటివాడు తల ఎత్తాడు.

"ఇప్పుడసలు గుర్తే పట్టలేకపోతున్నా. తొమ్మిదేళ్లుగా నిన్నెరుగుదును. ఇది నువ్వు కాదు."

పదిమందీ మధ్యాహ్నం దాకా బయటే. మేనేజర్ ఫొటోగ్రాఫర్‌ని పిలిపించాడు.

"పాత పద్ధతిలోనే తియ్యి. శుక్రవారంలోగా సర్దకపోతే వేరేవాణ్ణి చూసుకుంటాం."

"పాత పద్ధతిలో తీస్తే నా మెడ పోతుంది సార్."

మేనేజర్ తన కార్డుకేసి చూసుకున్నాడు. "మాకందరికీ వాలే ఉంది కదయ్యా?"

సాయంత్రం భోజనాల దగ్గర భార్య తమ్ముణ్ణి నిలదీసింది.

"ఒరేయ్, నీకు మీ బావ మెడ కావాలా, గేటు కావాలా?"

"గేటక్కా" అన్నాడు వాడు, ముద్ద ఆపకుండా.

గురువారం వాడి కార్డు వంతు వచ్చింది. ఫొటోగ్రాఫర్ కెమెరాని నిలువుగా తిప్పాడు. మోచెయ్యి ఎత్తబోయాడు. మెడలో కలుక్కుమంది. దించేసి, కింది బటన్ నొక్కాడు.

శుక్రవారం పొద్దున ఫొటోగ్రాఫర్ ఫ్యాక్టరీకి వచ్చేసరికి బావమరిది గేటు బయట నిలబడి ఉన్నాడు. వాడి వెనక వరస రోడ్డు మలుపుదాకా ఉంది.

"లోపలికి పోలేదేంరా?"

"ఎలా పోను బావా? కార్డు పట్టుకుని అద్దంలో చూసుకున్నా. కలవలేదు. పైగా నేను మొండివాణ్ణి, బతిమాలినా వదలను."

ఫొటోగ్రాఫర్ రెండు వేళ్లు వాడి గడ్డం కింద పెట్టాడు. ఇన్నేళ్లూ కార్డులు చూసీ చూసీ వాడి తలా ఒరిగిపోయింది. మెల్లగా నిటారు చేసి, గేటు బయటే ఉన్న కాపలా గది అద్దం ముందుకి తీసుకెళ్లాడు. వాడు కార్డు చూశాడు. అద్దం చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఊఁ" అని, తనను తాను లోపలికి పంపించుకున్నాడు. పదిమంది ప్యాకింగ్ వాళ్లూ తల ఎత్తి, వాడి వెనకే వెళ్లిపోయారు.

తరవాత మేనేజర్ వచ్చి కార్డు చూపించి తల వాల్చాడు.

"ఇది చెల్లదు సార్. మెడ వంకర."

"నిన్నటిదాకా చెల్లింది కదయ్యా!"

"నిన్న నేనూ వంకరే సార్."

మేనేజర్ ఫొటోగ్రాఫర్ వైపు తిరిగాడు. ఆయన వెనక ఇంకా మూడు వందల ఎనభై చిల్లర మంది.

"ఏమయ్యా, నాకెప్పుడు తీస్తావు?"

"ఇప్పుడే సార్. కానీ నాదీ పాత కార్డే. నన్నూ రానివ్వడు."

"రానివ్వను" అన్నాడు బావమరిది.

ఫొటోగ్రాఫర్ సంచీలోంచి కెమెరా తీసి గేటు ఊచల మధ్యనించి అందించాడు. బావమరిది దాన్ని నిలువుగా తిప్పాడు. మోచెయ్యి పైకి లేచింది.

"దించరా చెయ్యి. కింది బటన్."

వాడు దించాడు. క్లిక్‌మంది. కెమెరా తెర చూసి, బావ మొహం చూసి, గడియ తీశాడు.