పీతలు చూపించిన పెద్దమేడం

పోటు తీసినప్పుడు భావనపాడు ఉప్పుటేటి బురదకి ఒక వాసన ఉంటుంది, కుళ్లిన ఆకూ ఉప్పూ కలిసినట్టు. ఈ ఉదయం నడకలో ఆ వాసన తగలగానే సత్యవతిగారు గుర్తొచ్చారు. నేను టీచరుగా కొత్తగా చేరిన బడికి ఆవిడ హెడ్మిస్ట్రెస్. పిల్లలకూ మాకూ కూడా పెద్దమేడం. జీవశాస్త్రం పాఠాలు కొన్ని ఏటి ఒడ్డునే చెప్పేవారు.

ఒకసారి తొమ్మిదో తరగతి ఆడపిల్లలతో నేనూ వెళ్లాను. బురదనిండా చిన్న పీతలు. ప్రతి మగపీతా తన బొరియ ముందు నిలబడి, ఒంటికి మించిన ఒకే ఒక పెద్ద డెక్కను ఎత్తి ఊపుతోంది. రెండు మగపీతలు డెక్కలు పెనవేసుకుని తోసుకుంటుంటే పిల్లలు చుట్టూ మూగారు.

"పెద్దోడే నెగ్గుతాడు, సూడండి మేడం," అంది ఒక పిల్ల.

"ఆళ్లని ఒగ్గీయండే. ఆడదాన్ని సూడండి," అన్నారావిడ.

ఆడపీత ఆ కుస్తీని దాటిపోయి వేరే మగపీత బొరియలోకి దిగింది. వెంటనే బయటికొచ్చి పక్కదాన్లోకి దిగింది. ఈసారి రాలేదు. దాని వెనకే ఆ బొరియ మగపీతా దిగి, ద్వారం బురదతో మూసేసింది.

"గుడ్లు మొయ్యాల్సింది ఆ కన్నంలోనే కదా. డెక్క ఊపితే సాల్దు. లోపల ఎలాగున్నాదో సూసుకోవాల," అన్నారు పెద్దమేడం.

ఆ వేసవిలోనే నాకు రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి రాజాంలో రైసుమిల్లు వాళ్లది, ఇంకొకటి గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగిది. రెండువైపుల పెద్దలూ మా అరుగు మీద ఒకరిని మించి ఒకరు గొప్పలు చెప్పుకున్నారు. నాన్నగారు మిల్లు వైపే మొగ్గారు. నన్నెవరూ అడగలేదు. పెద్దమేడంతో చెప్పుకున్నాను.

"ఆ ఇళ్లు నువ్వెల్లి సూసావేటే?"

"పెళ్లికూతురు ఎల్తాదేటండీ? నవ్వుతారు."

"నవ్వనీ. కాపురం సేసీది ఆళ్లా, నువ్వా?"

ఆదివారం ఆవిడే నన్ను బస్సెక్కించారు. రాజాంలో తను ముందుగదిలో మాటలు పెట్టుకుని, మంచినీళ్లకని నన్ను వంటింట్లోకి పంపారు. ఆ ఇంటి పెద్దకోడలు తలుపుచాటున నిలబడి అన్నం తింటోంది. కూర్చోలేదేమని అడిగితే, "మావయ్యగారు ఎప్పుడు పిలుస్తారో తెలీదు కదమ్మా," అంది, కంచం పమిట కిందకి తీసుకుంటూ. గరివిడిలో రెండుగదుల క్వార్టరు. తల్లికి కంటి ఆపరేషన్ అయిందని అతనే గంజి వారుస్తున్నాడు. మమ్మల్ని చూసి కంగారుపడి చెయ్యి కాల్చుకున్నాడు.

"ఏటే?" అన్నారు పెద్దమేడం, తిరుగు బస్సులో.

"గరివిడి," అన్నాను.

ఇంట్లో పెద్ద గొడవైంది. నాన్నగారు ఒప్పుకున్నారు గానీ పెళ్లిపీటల దాకా నాతో మాట్లాడలేదు. ఇంట్లో ఎవరైనా చదువుతారని ఆ ఆదివారం డైరీలో బస్సుల వేళలు మాత్రమే రాసుకున్నాను.

తరవాత కాపురంలో చేదురోజులూ వచ్చాయి. అప్పుడు నాన్నగారినో తలరాతనో తిట్టుకునే వీలు లేకుండా చేశారావిడ. అందుకు ఆవిడ మీద కోపం వచ్చేది కూడా. లోపలికెళ్లి చూసి మరీ ఎంచుకున్నదాన్ని నేనే కనక, అలిగి పుట్టింటికి పోవడానికి ముఖం చెల్లక, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని. ఇప్పటికీ అంతే.