గొలుసు పరిచే ముందు ఒక్క నిమిషం

మా ఇంటి ఆంటీ పోయిన వారం ఆసుపత్రిలో కన్నుమూశారు. సింగపూర్ చోవా చూ కాంగ్‌లో ఆవిడ ఉన్న ఫ్లాట్‌ను ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తున్నారు. ఆవిడ ఎదురుచూసిన వీడియో టేపు ఒకటి నా దగ్గర ఉండిపోయింది. దాన్ని ఆ హాల్లోనే, ఆ టీవీలోనే, ఇన్నాళ్లూ ఆవిడ పక్కన కూర్చుని చూసినవాళ్ల మధ్యనే పెట్టాలి. వాళ్లందరి ఫోన్ నంబర్లు నా దగ్గర లేవు. మన తెలుగువాళ్ల పత్రిక మాత్రం అందరి గదులకూ చేరుతుంది. అందుకని ఇప్పుడే రాయాల్సి వచ్చింది.

ఆవిడను తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. నేను ఆవిడ ఫ్లాట్‌లో ఒక గదిలో అద్దెకు ఉంటున్నాను. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగారు. తల్లిదండ్రులు విశాఖపట్నం వైపు నుంచి పోర్టు పనికి వచ్చినవాళ్లు. ఆవిడ టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ కలిసి ఉండేవి, మాట చివర ఇక్కడివాళ్ల ఊతపదం "లా" కూడా. నేను పెట్టెతో దిగిన రోజున మొదటి ప్రశ్న, "ఏటి తింటావమ్మా?"

"ఏదైనా ఫర్వాలేదు ఆంటీ."

"ఏదైనా అనే కూర నాకు వండటం రాదు లా. పేరు చెప్పు."

నేను చెప్పలేకపోయాను. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. బడిలో, కాలేజీలో, తర్వాత హైదరాబాదులో కంప్యూటర్ కోర్సులో, నాకు తెలియనిదల్లా మిగతా అందరికీ ముందే తెలుసన్నట్టు అనిపించేది. అందుకని అడగడం మానేశాను. తల ఊపడం నేర్చుకున్నాను. ఆ తల ఊపుడుతోనే ఇక్కడ తంజోంగ్ పగార్‌లో ఉద్యోగానికి చేరాను.

మా పని అమెరికాలో ఒక ఊళ్లోని కంపెనీకి సాఫ్ట్‌వేర్ చూసిపెట్టడం. ప్రతి మంగళవారం పొద్దున్నే ఫోన్ మీటింగ్. వాళ్లకది సోమవారం సాయంత్రం. పని మాటలకు ముందు వాళ్లు నిన్నటి ఆట గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట. ఒక మంగళవారం అవతలి మేనేజర్ నన్ను పలకరించి ఆట మాట ఎత్తాడు. నేను ఉత్సాహంగా, చాలా బాగుంది, అభినందనలు అన్నాను. ఆ ఆదివారం వాళ్లు చిత్తుగా ఓడిపోయారట.

సాయంత్రం ఆంటీకి చెప్పాను. ఆవిడ కరివేపాకు దూస్తూ పగలబడి నవ్వారు.

"ఆటేటో తెలీకుండా బాగుందని ఎలగన్నావే? అడగొచ్చు గదా!"

"నవ్వుతారని ఆంటీ."

"నవ్వనీ లా. నవ్వినవాడే చెప్తాడు కూడా."

తర్వాతి మంగళవారం అడిగాను. ఆ ఆట ఏమిటో నాకు తెలియదు, మా ఇంటి ఆంటీకి కూడా తెలుసుకోవాలని ఉంది అన్నాను. మేనేజర్ నవ్వాడు. ఆ తర్వాత చెప్పడం మొదలుపెడితే పని మాటలకు టైమే మిగల్లేదు. కొన్నాళ్లకు ఆఫీసు కాగితాల పార్సిల్‌లో ఒక టేపు వచ్చింది. అమెరికా టేపులు మామూలుగా ఇక్కడి వీసీఆర్‌లో ఆడవు. ఆంటీ గారిది రెండు రకాలూ ఆడించేది. అలా మొదలైంది మా సీజన్.

నాలుగు ఛాన్సులిస్తారు, పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు ఛాన్సులు. పోలేకపోతే బంతి అవతలివాళ్లది. ఇంతవరకు అర్థం కావడానికే మాకు రెండు టేపులు పట్టింది. ఆంటీ ప్రశ్నలకు మాత్రం అంతు ఉండేది కాదు. అంత లావు మనుషులు అంత వేగంగా ఎలా పరిగెత్తుతారు? అంచున నిలబడ్డ కోచ్ నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ఏం చెప్తున్నాడు? చొక్కాలకు పట్టిన ఆ మట్టి ఎవరు ఉతుకుతారు? ఊళ్లో మా అమ్మకు ఫోన్‌లో ఈ ఆట గురించి చెబితే ఒకే ఒక మాట అడిగింది, "వాళ్లకు దెబ్బలు తగలవా?" అని. మా అమ్మ అక్షరం ముక్క ఎరగదు. మొదటి టేపు పెట్టిన రోజు ఆంటీ అడిగిన ప్రశ్న కూడా అదే. ఆ రోజు నాకు ఎందుకో చాలా సంతోషంగా అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నాలు వుడ్‌ల్యాండ్స్ డార్మిటరీ నుంచి షిప్‌యార్డ్‌లో పనిచేసే మన అన్నలు భోజనానికి వచ్చేవాళ్లు. ఆంటీ వాళ్లను కూడా టేపు ముందు కూర్చోబెట్టేవారు. కరీంనగర్ అన్న ఒకాయన తట్టుకోలేకపోయేవాడు.

"గిదేం ఆట ఆంటీ? ఆడుడు తక్కువ, ముచ్చట్లు ఎక్కువ. గుంపు గట్టి గుసగుసలు పెడ్తరు."

"ముచ్చట్లు కాదబ్బాయ్. ఎటు పోదామని ఒకర్నొకరు అడుగుతున్నారు."

"మా కబడ్డీల గిట్ల అడుగుకుంట కూసుంటే ఊపిరి పోతది!"

"అందుకే వీళ్లు మాట్లాడుకుంటున్నప్పుడు ఊపిరి తీసుకుంటారు. నువ్వూ తీసుకో, పులుసు పోసుకో."

ఆ గుంపులో ఏం మాట్లాడుకుంటారో కనుక్కోమని ఆంటీ నాకు పని పెట్టారు. మేనేజర్‌ను అడిగాను. ఆయన, "నేను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను. ఆ సంగతి ఎప్పుడూ కనుక్కోలేదు" అన్నాడు. కనుక్కొని చెప్తానని, నిజంగానే కనుక్కొని చెప్పాడు.

చిక్కు ఒకటి వచ్చింది. టేపు చేరేసరికి ఆట అయిపోయి చాలా రోజులవుతుంది. ఫలితం నాకు మంగళవారమే తెలిసిపోతుంది. నోరు మూసుకుని కూర్చున్నా ఆంటీ పట్టేసేవారు.

"అలామక్, అయ్యో! నీ మొహం చూస్తే ఓడిపోయినట్టుంది. నువ్వు కూడా తెలుసుకోకు. తెలిసినవాళ్లతో కూర్చుని చూడటంలో రుచి లేదు."

ఇది మేనేజర్‌కు చెప్పాను. అప్పటి నుంచి సింగపూర్ ఫోన్ మీటింగ్ అయ్యేదాకా వాళ్ల ఆఫీసులో ఆట మాట ఎత్తకూడదని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఇక్కడి పేపర్లలో ఆ ఆట ఊసు పెద్దగా ఉండదు, అది మాకు కలిసొచ్చింది. టేపు మీద అవతలి జట్టు ఊరి పేరు తప్ప ఇంకేం రాసేవాళ్లు కాదు. ఆంటీ బదులుగా మురుకులు పంపేవారు. ఎప్పుడూ చూడని మనిషి కోసం ఒక ఆఫీసు మొత్తం నోరు కట్టుకుందంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఆంటీకి అన్నిటికన్నా ఇష్టమైనది గొలుసు. పది గజాలు అయ్యాయో లేదో కంటికి తేలనప్పుడు ఇద్దరు మనుషులు రెండు కర్రలకు కట్టిన గొలుసు పట్టుకుని మైదానంలోకి పరిగెత్తుకొస్తారు. బంతి దగ్గర దాన్ని సాగదీసి కొలుస్తారు. అంత పెద్ద స్టేడియం ఊపిరి బిగబట్టి ఆ గొలుసు వంక చూస్తుంది. "గొలుసొచ్చింది! గొలుసొచ్చింది!" అని మేం అరిస్తే ఆవిడ వంటింట్లోంచి గరిటెతో వచ్చేసేవారు. నేను టేపు ఆపాలి. హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ చాలుతుందో చాలదో తేల్చి చెప్పాలి. తప్పించుకోవడానికి వీల్లేదు. "ఏదైనా" అంటే ఒప్పుకోరు. అందరూ చెప్పాకే మళ్లీ నడపాలి. ఆవిడ మాత్రం ఎప్పుడూ "చాలుతుంది" అనేవారు. బంతి ఎంత వెనక ఉన్నా సరే.

"కళ్లద్దాలు మార్పించుకో ఆంటీ" అని కరీంనగర్ అన్న ఏడిపిస్తే, "మార్పిస్తాను లే. అప్పుడు నీ మొహం కూడా బాగా కనపడుతుంది, అదే భయం" అనేవారు.

మధ్యలో నేను ఆఫీసు సర్టిఫికెట్ పరీక్ష తప్పాను. గది తలుపు వేసుకుని ఏడుస్తుంటే బయటి నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఎన్నో తూరి ఇది?"

"మొదటిది."

"మరి ఇంకేటి? బంతి ఇంకా నీ చేతిలోనే ఉంది. లే, మకాన్ చెయ్యి, అన్నం చల్లారిపోతోంది."

మా వాళ్లు (ఎప్పుడు "మా వాళ్లు" అయ్యారో తెలియదు) మొదట వరసగా ఓడి, తర్వాత ఒక్కొక్కటే గెలుచుకుంటూ వచ్చారు. చివరి ఆట మిగిలింది. గెలిస్తే పెద్ద పోటీలోకి వెళ్తారు. ఓడితే ఇంటికి. ఆ టేపు దారిలో ఉండగా ఆంటీని ఆసుపత్రిలో చేర్చాం. చూడటానికి వెళితే ఆవిడ అడిగింది ఒంటి సంగతి కాదు.

"టేపొచ్చిందా?"

"ఇంకా రాలేదు ఆంటీ."

"వస్తే ఒక్కదానివే చూసేయకు. అందర్నీ పిలు. గొలుసొచ్చినప్పుడు ఆపడం మర్చిపోకు."

ఆవిడ వెళ్లిపోయిన రెండో రోజు టేపు వచ్చింది.

ఆ మంగళవారం ఫోన్‌లో మేనేజర్‌కు చెప్పాను. ఆయన అన్నాడు, "ఏం జరిగిందో నువ్వు అడిగేదాకా ఇక్కడెవరూ చెప్పరు. ఆ తర్వాత ఇంకో టేపు ఉందో లేదో కూడా చెప్పం." అందుకని మా వాళ్లు గెలిచారో ఓడారో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకోవాలని ఎంత ఉందో చెప్పలేను. అడగడం నేర్పిన మనిషి కోసమే ఇప్పుడు అడక్కుండా ఆగాను.

మలేషియాలోని జొహోర్ నుంచి వచ్చిన ఆంటీ చెల్లెలు గారు సామాన్లు సర్దుతున్నారు. సంగతి చెబితే, "టీవీ, వీసీఆర్ ఆఖరున కదిలిస్తాలే. మీ ఆట ముగించుకోండి" అన్నారు. ఈ నెల ఇరవయ్యో తేదీ తర్వాత వచ్చే ఆదివారం మధ్యాహ్నం టేపు పెడదామనుకుంటున్నాను. సోఫా అప్పటికి ఉండదు, చాపలు ఉంటాయి. పులుసు నేను పెడతాను, ఆవిడ పెట్టినట్టు కుదరదు. ఫలితం ఎక్కడైనా విన్నవాళ్లు దయచేసి మొహంలో కూడా కనపడనివ్వకండి.

గొలుసు వస్తే టేపు ఆపుతాను. ఆపినప్పుడు ఆ టీవీలో బొమ్మ కొంచెం వణుకుతుంది, మీకు గుర్తుండే ఉంటుంది. ఇద్దరు మనుషులు వంగి ఉంటారు, సగం సాగిన గొలుసు బంతి పక్కన గాలిలో ఆగి ఉంటుంది. అందరం ఒక్కొక్కరుగా చెప్పాక వంటింటి గుమ్మం వైపు నుంచి రావాల్సిన మాట ఒకటి మిగిలిపోతుంది. ఆవిడ తరఫున "చాలుతుంది" అని చెప్పడానికి ఒకరు కావాలి. నా వంతు మాట నేను చెప్పాలి, మళ్లీ టేపు నడపాల్సిందీ నేనే. మీలో ఎవరు వస్తారో, ఆ మాట ఎవరు చెబుతారో, ఇరవయ్యో తేదీలోగా ఆంటీ ఫ్లాట్‌కు ఫోన్ చేసి చెప్పండి. నంబరు మీకు తెలిసిందే. ఈసారి నేనే ఎత్తుతాను.