పెంటమ్మను దెబోరా అని రాసిన పంతులమ్మ

పోయిన సోమవారం తాండూరు నుంచి కబురు వచ్చింది, మా పంతులమ్మ చనిపోయిందని. ఆదివారం గుడిలో పాటలు పాడి, ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్న మనిషి పొద్దున లేవలేదట. భూస్థాపన దగ్గర పాస్టరుగారు ఆమెను శాంతమూర్తి అన్నారు. ఆయన మీద నాకు గౌరవమే గాని, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆమెకు శాంతం లేదు. ఉండి ఉంటే నాకు ఈ పేరు ఉండేది కాదు.

నాకు ముందు మా అమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. అందుకని నన్ను పుట్టిన మూడో రోజు పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పక్కింటి ముసలమ్మ చాటెడు తవుడిచ్చి నన్ను కొని, తిరిగి అమ్మ ఒడిలో పెట్టింది. పెంట మీద దొరికినదాన్ని చావు కూడా పట్టించుకోదని మావాళ్ల నమ్మకం. అట్లా పెంటమ్మనయ్యాను. అమ్మ ఆ పేరు ప్రేమతోనే పెట్టింది. ఊళ్లో పెద్దింటివాళ్ల నోట్లో మాత్రం అది 'పెంటీ' అయ్యేది, అందులో ప్రేమ ఉండేది కాదు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు నన్ను మిషన్ బడిలో వేశారు. పంతులమ్మకు అప్పటికే భర్త లేడు. తెల్ల చీర కట్టమని నలుగురూ చెబితే, కావాలని పచ్చంచు చీరలే కట్టేది. హాజరు పట్టీ తెరిచి నా పేరు అడిగింది. చెప్పాను. రాయబోయి ఆగింది.

"గది ఇంట్ల పేరు. బళ్లె ఇంకోటి కావాలె. దెబోరా అని రాస్త."

"అంటే ఏందమ్మా?"

"తేనెటీగ. హీబ్రూ మాట. ముట్టనోళ్లకు తేనె, ముట్టినోళ్లకు ముల్లు."

వెనకటికి బైబిల్లో ఆ పేరుతో ఇద్దరు ఉండేవారని చెప్పింది. ఒకామె ఒక ఇంటి దాది. రెండో ఆమె ఖర్జూరపు చెట్టు కింద కూర్చుని జనం తగవులు తీర్చిన న్యాయాధిపతి. ఖర్జూరం మేమెన్నడూ చూడలేదంటే, మన ఈత చెట్టుకు అక్క అనుకోండి అన్నది. "సేనాపతి అంతటోడు, నువ్వొస్తెనే లడాయికి పోత, లేకుంటె పోనన్నడు. ఆమె పోయింది." మేము నవ్వాం. ఆమె నవ్వలేదు. "ఇద్దర్ల ఎవరి లెక్క ఉంటవో నువ్వే చూస్కో" అన్నది నాతో.

పదిహేను రోజులు తిరగకముందే నాకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు అమ్మ బడికి పరుగెత్తింది.

"పేరు తీసేస్తివి, చావుకు తోవ జూపిస్తివి. మళ్ల పెంటమ్మ అని రాయి తల్లీ, నీ కాళ్లు మొక్కుత."

పంతులమ్మ అమ్మను లేపి నిలబెట్టింది గాని, రాయనన్నది. బడి వదలగానే మా ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంది. "నన్ను దాటి లోపలికి ఎవరొస్తరో నేనూ చూస్త" అన్నది. రోజూ వచ్చింది. మందు తెచ్చేది, గంజి తాగించేది. వాడకంతా వినపడేటట్టు "దెబోరా, నోరు తెరువు" అని అరిచేది. అమ్మ చెవులు మూసుకునేది. తొమ్మిదో రోజుకు జ్వరం దిగింది. అమ్మ ఆమెకు దండం పెట్టింది, ఆ పేరు మాత్రం తన నోటితో పలకనని ఒట్టు పెట్టుకుంది. ఒకసారి తప్పించుకున్నాం, మళ్లీ చావుకు వినపడేటట్టు పిలవనన్నది.

ఇప్పుడు నేను వికారాబాదులో నర్సును. అట్లాంటి జ్వరాలు ఎట్లా ముగుస్తాయో తెలుసు. నేను పోయి ఉంటే ఊరు ఆమెను బతకనిచ్చేది కాదు. భయం వేయలేదా అని ఒకసారి అడిగాను. "మస్తు భయపడ్డ బిడ్డా. భయమైతుందని రాసింది కొట్టేస్తమా?" అన్నది.

ఏడో తరగతి అయ్యాక వికారాబాదు బడిలో చేర్చడానికి నన్ను రైల్లో తీసుకుపోయింది. అక్కడి గుమస్తా నన్ను ఎగాదిగా చూసి, ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి, "మీకు గింత పేరెందుకమ్మా? పెంటి అని రాస్త, సాలు" అన్నాడు. ఆమె వాదించలేదు. అతని ఎదురుగా బెంచీ మీద కూర్చుని, జొన్నరొట్టె మూట విప్పి నాకు సగమిచ్చింది. "రాసేదాక కూసుంట. నాకేం ఫికర్ లేదు." మధ్యాహ్నం తాండూరు రైలు వెళ్లిపోయింది. ఆమె లేవలేదు. ఆఫీసు మూసే వేళకు అతను రాశాడు. "సదువు" అన్నది. చదివించుకునే లేచింది.

ఆ తర్వాత ఆ పేరు ఊరూరికీ పాకింది. మర్పల్లిలో దెబోరమ్మ, కన్నడం కలిసే బషీరాబాదులో దెబోరవ్వ. దోమ అనే ఊళ్లో ఎన్నడూ ప్రార్థనకు రాని రైతు ఒకాయన కూడా తన బిడ్డకు అదే పెట్టుకున్నాడు. బాప్తిస్మాలప్పుడు పాస్టరుగారు విసుక్కుని, వేరే పేర్లే లేవా అన్నారు. "పెంటమ్మలు గంతమంది ఉన్నప్పుడు ఎవ్వరూ అడగలే గద అయ్యా" అన్నది పంతులమ్మ.

భూస్థాపనకు అమ్మ కూడా వచ్చింది. చూపు ఆనడం లేదు. పెట్టె గుంటలోకి దిగాక అందరం పిడికెడు మన్ను తీసుకున్నాం. నేను వెనక ఎక్కడో ఉండిపోయాను. అమ్మ గుంట అంచున నిలబడి నాకోసం వెతికింది. ఇన్నేళ్లలో పెంటమ్మా అని తప్ప పిలవని మనిషి. ఒకసారి పెట్టె వైపు చూసింది. తర్వాత గొంతెత్తింది.

"దెబోరా, ఇటు రా. మన్నెయ్యి."

నేను కదిలేలోపే జనంలోంచి చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె, బడి పిల్లలు నలుగురు, ముసలితనంలో బాప్తిస్మం తీసుకున్న అవ్వ ఒకామె, పిడికిళ్లలో మన్ను పట్టుకుని అమ్మ దగ్గరికి నడిచారు.