కుడి అని అరిచి కుడికే పరిగెత్తిన రోజులు

మా చిన్నతనంలో... ఐర్లండ్‌లోని ఆడమ్స్‌టౌన్‌లో ఆదివారం పొద్దున్నే అమ్మ నోట మొదట వచ్చే మాట "కాస్త కుదురుగా కూర్చోరా". ఇడ్లీ ప్లేటు చేత్తో పట్టుకుని హాల్లోంచి మెట్ల మీదికి, అక్కణ్ణుంచి వీధి తలుపు దగ్గరికి తిరుగుతూ తినేవాణ్ణి. ఇంట్లో నా పేరు కాలుగాలిన పిల్లి. బళ్లో టీచరు కూడా అమ్మని పిలిచి ఇదే సంగతి ఇంకాస్త మర్యాదగా చెప్పింది.

మా వీధి చివర డెక్లన్ అనే లారీ డ్రైవర్ ఉండేవాడు. కొన్నేళ్లు బోస్టన్‌లో ఉండి అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి అంటించుకొచ్చాడు. ఆదివారాలు పిల్లల్ని పోగేసి ఆడించేవాడు. చిన్నవాళ్లం కదా, పడదోసుకోవడాలు లేవు... నడుముకి గుడ్డ పట్టీలు వేలాడేవి, బంతి పట్టుకున్నవాడి పట్టీ లాగేస్తే అక్కడికి ఆగిపోవాలి.

నన్ను క్వార్టర్‌బ్యాక్ చేశాడు. అంటే బంతి ముందు నా చేతికొస్తుంది, ముందుకు ఉరికే మావాళ్లలో ఎవరికో నేను విసరాలి. చిక్కల్లా నేను పొట్టి. ఎదుటివాడు చేతులెత్తుకుని మీదికొస్తే వాడి చొక్కా తప్ప నాకేమీ కనపడేది కాదు. విసిరిన బంతల్లా ఎవడి చేతికో తగిలి నేలమీద పడేది.

అప్పుడు డెక్లన్ నాకోసం రోలౌట్ పెట్టాడు. బంతి అందగానే ఉన్నచోట నిలబడకుండా పక్కకి, మైదానం అంచు వైపు పరిగెత్తాలి... మావాళ్లూ అటే వస్తారు... ఎదర కాస్త ఖాళీ దొరకగానే పరుగు ఆపకుండా విసరాలి. పుట్టి బుద్ధెరిగాక నన్ను నిలబడొద్దన్న పెద్దమనిషి ఆయనొక్కడే. ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు నేను, ఎగురుకుంటూ వచ్చాను.

ఎటు ఉరకాలో మావాళ్లకి ముందే అరిచి చెప్పాలి, ఎదుటివాళ్లకి తెలియకూడదు. మీ ఇంట్లో కుడి ఎడమల్ని ఏమంటారని డెక్లన్ అడిగాడు. అంతే... వారం తిరిగేసరికి మా టీములోని ఐరిష్ పిల్లలందరూ "కూడీ", "యెడమా" అని అరుస్తూ తిరిగారు. నాకు గర్వం పట్టలేదు. ఈ దేశంలో తెలుగు ఎవడికి తెలుస్తుందిలే అనుకున్నాం.

అమ్మకి ఈ ఆట అస్సలు గిట్టేది కాదు. బంతిని వంటింటి ప్రెస్‌లో, అదే అలమరలో, పప్పుడబ్బాల వెనక దాచేసేది. మళ్లీ మ్యాచ్‌కి మాత్రం గొడుగు, ఫ్లాస్కు, స్టీలు డబ్బాలో పులిహోర పట్టుకుని తయారు!

అలా ఉండగా ఒక ఆదివారం కార్క్ అనే ఊరి నుంచి ఒక టీము వచ్చింది. అప్పటికే వరసగా ఓడిపోతున్నాం. ఈసారీ కుదరకపోతే వచ్చే వారం నుంచి కెవిన్ విసురుతాడు, నువ్వు బెంచీ మీద కూర్చోవాలి అని డెక్లన్ మెల్లిగా చెప్పాడు. కెవిన్ మా అందరిలోకీ పొడుగు. కూర్చోమనడం... నన్ను!

కుడి అని అరిచి కుడికి ఉరికాను. నాకంటే ముందే అక్కడొక అమ్మాయి ఉంది, పట్టీ లాగేసింది. ఎడమ అన్నాను. అక్కడా ఆ అమ్మాయే. చూడ్డానికి మన పిల్లలాగే ఉంది కానీ, తనవాళ్లతో అచ్చం కార్క్ యాసలో అరుస్తోంది. నాకు అనుమానమే రాలేదు చూడండి...

విరామంలో గీత పక్కన అటూ ఇటూ తిరుగుతున్నాను. అమ్మ వానలో గొడుగు వేసుకుని గబగబా వచ్చింది. అప్పటిదాకా ఎవరో ఆంటీతో కలిసి పులిహోర తింటూ కూర్చుంది.

"అది మన తెలుగు పిల్లేరా. ఇందాక నా పక్కన కూర్చున్నావిడే వాళ్లమ్మ, చీరాలంట. నువ్వు అరిచేదంతా దానికి అర్థమవుతోంది."

ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. ఏడుపొచ్చేసింది. అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది.

"ఒక్కసారి ఆగి చూడరా. అందరూ నీ వెనకాలే వస్తున్నారుగా. అవతలంతా ఖాళీయే."

కెవిన్‌ని పిలిచి చెప్పాను... నేను కుడి అంటాను, అందరం కుడికే పోతాం, నువ్వొక్కడివీ ఏమీ పట్టనట్టు ఎడమ వైపు ఉండిపో అని. నా చోటు కోసం చూస్తున్నవాడికే బంతి ఇస్తానన్నమాట. వాడు సరేనన్నాడు.

కుడి అని అరిచాను. ఉరికాను. ఆ అమ్మాయి వచ్చింది, వాళ్ల టీమంతా వచ్చింది. అప్పుడు ఆగాను. ఆగడం అంత కష్టమని నాకు అప్పుడే తెలిసింది. తిరిగి చూస్తే ఎడమ వైపు కెవిన్ ఒక్కడే ఉన్నాడు. విసిరాను. గాలికి ఊగుతూ పోయిన బంతిని వాడు పొట్టకి అదుముకుని చివరి గీత దాటేశాడు.

నువ్వు కుడి అన్నావుగా, ఇది మోసం అని ఆ అమ్మాయి ఇంగ్లిష్‌లో నన్ను నిలదీసింది.

మ్యాచ్ ఓడిపోయాం లెండి. కానీ డెక్లన్ బెంచీ మాటెత్తలేదు. ఆ ఉపాయం మా అమ్మదని చెబితే, వచ్చే ఆదివారం మీ అమ్మని నా పక్కన నిలబెట్టు అన్నాడు. ఆ సాయంత్రం నుంచి బంతి ప్రెస్‌లో ముందు వరసలోకి వచ్చింది.

ఇది రాస్తూ మధ్యలో లేచి ఇల్లంతా ఓసారి తిరిగొచ్చాను. రోజంతా రెండు స్క్రీన్ల ముందు కూర్చునే ఉద్యోగం నాది. బల్ల కింద కాళ్లు ఆడుతూనే ఉంటాయి. మావాడికి ఇప్పుడు అప్పటి నా వయసే. పొద్దుట్నుంచి సోఫాలో టాబ్లెట్ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. లేచి కాసేపు పరిగెత్తరా అంటే, తల ఎత్తకుండానే "ఐయామ్ గ్రాండ్, డాడ్" అన్నాడు... నాకిలా బానే ఉందిలే అని.

మిమ్మల్ని కుదురుగా కూర్చోమని తిట్టి, మీ ఆట కోసం వానలో నిలబడిందెవరు? చెప్పండి... వింటాను. ఆ బంతి ఇప్పుడు మా ప్రెస్‌లో, పప్పుడబ్బాల వెనకే ఉంది. ఎవరూ దాచలేదు... ఎవరూ వెతకడం లేదు.