స్టాండులో మోగిన ఫోను

“ముప్పై ఏండ్లు తోలినా, బండికి ఒక్క గీత పడనీలేదు,” అని హుస్సేన్ పీరా తన కారెక్కిన ప్రతివాళ్లకీ చెబుతాడు. చెబుతూనే అద్దం ముందరి ఎర్రదుమ్మును తువ్వాలుతో తుడుస్తాడు. నడిపేటప్పుడు స్టీరింగు పక్కన బిగించిన స్టాండులో ఫోను మోగితే ముట్టడు. బండి పక్కకు ఆపాకే ఎత్తుతాడు. ఆ పొద్దు గుమ్మఘట్ట దారిలో, కాన్పుకని ఆసుపత్రిలో చేరిన కూతురు ఫరీన్ పేరు తెర మీద వెలిగింది. అతడు ఆపిన చోటు పల్లం; ఎత్తేలోపే సిగ్నల్ తెగిపోయింది. మిట్ట ఎక్కుతుంటే మళ్లీ మోగింది.

“నేనెత్తేదా, పీరా?” అన్నాడు పక్కసీటులో కూర్చున్న పాత గిరాకీ నరసింహప్ప.

“వద్దన్నా. యా మాట చెవినబడినా నా చేతులు నిలవవు.”

మిట్ట మీద రోడ్డు వెడల్పయ్యాక ఆపి, తిరిగి ఫోను చేశాడు. అవతల మోగింది, ఎవరూ ఎత్తలేదు.

“ఇంగోసారి చెయ్యప్పా,” అన్నాడు నరసింహప్ప.

పీరా చేస్తూనే ఉన్నాడు.